ధర్మాసుపత్రికి వారసులెవరు?

వైద్యం ప్రభుత్వం చేయవలసిన పనా, ప్రైవేటువారికి వదలవలసిన వ్యవహారమా అన్న వాదం మన రాష్ట్రంలో పాతదే. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం పది ప్రభుత్వ వైద్య కళాశాలలను భాగస్వామ్యం పేరుతో ప్రైవేటు సంస్థలకు 33 ఏళ్ల లీజు మీద, మరొక 33 ఏళ్లు పొడిగించుకునే వీలుతో, అప్పగించటానికి ఆమోదం తెలిపినప్పటి నుంచీ అది మళ్లీ వీధికెక్కింది. విద్యార్థి సంఘాలు ఊరేగింపులు తీశాయి, ధర్నాలు చేశాయి. చేయవలసిన పనే చేశాయి. ఐతే ఆ సభల్లోనూ మన పత్రికల్లోనూ చాలామంది మిత్రులు ఈ వాదాన్ని రెండు మాటల్లో తేల్చివేస్తున్నారు: ప్రభుత్వ సొమ్ముతో జరిగేది ప్రజావైద్యం, లాభం కోసం జరిగేది ప్రైవేటు వైద్యం, మొదటిది మంచిది, రెండోది చెడ్డది. చప్పట్లకు ఈ విభజన చాలును గాని చరిత్రకు చాలదు. ఎందుచేతనంటే, ప్రభుత్వ సొమ్ము ప్రైవేటు డాక్టరు చేతికి అందటం ఆరోగ్యశ్రీతో మొదలు కాలేదు. మన జిల్లాల్లో అది 1924లోనే మొదలైంది. సొమ్ము ఎవరిదని అడగవలసిందే. ఆ సొమ్ము ఖర్చయిన తరువాత ఊళ్లో ఏమి మిగిలిందని కూడా అడగాలి. ఈ రెండో ప్రశ్న వేయనందువల్లనే మనం చాలాసార్లు ఎదుటివారి వాదానికి సరైన జవాబు చెప్పలేకపోయాం.

ఈ ప్రశ్న వేయటానికి ఒక ఊరు కావాలి. జి. కొండూరును తీసుకుందాం. విజయవాడ నుంచి కొండపల్లి పక్కగా మైలవరం, తిరువూరు వెళ్లే రోడ్డు మీది మండల కేంద్రం ఇది. వెలగలేరు, కవులూరు, చెవుటూరు, కుంటముక్కల, వెల్లటూరు చుట్టుపట్ల ఊళ్లు. ఒక పక్క బుడమేరు. మరో పక్క నూజివీడు దాకా మామిడి తోటలు. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, ఇక్కడివారు కలెక్టరు అని పిలిచే తోతాపురి. తోట ఒకరిది. పూత మీదనో పిందె మీదనో కాపు కొనుక్కున్న వ్యాపారి మరొకడు. మందు కొట్టేవాడు, చెట్టెక్కి కాయ దించేవాడు, బుట్ట మోసే ఆడమనిషి వేరే. కాయ నున్న మార్కెట్టు మీదుగా ఉత్తరాది నగరాలకు పోతుంది. దాన్ని కోసినవాడికి వచ్చే ఆపదలు మాత్రం ఇక్కడే ఉంటాయి: కొమ్మ విరిగి నడుము పడిపోవటం, పురుగుమందు గాలి పీల్చి వాంతులు పట్టుకోవటం, ఎండదెబ్బ, తోటలో కావలి పడుకున్నప్పుడు పాముకాటు. ఇవేవీ పెద్ద శాస్త్రం అవసరమైన రోగాలు కావు. దగ్గరలో, త్వరగా, తెలిసిన మనిషి చేతిలో వైద్యం జరిగితే బతికే రోగాలు. ఈ మాట గుర్తుంచుకుని వెనక్కి వెళదాం.

పాతతరం వాళ్లు సర్కారు ఆసుపత్రిని ధర్మాసుపత్రి అనేవారు. ఈ మాటలోనే ఒక చరిత్ర ఉంది. హక్కుగా వచ్చిన వైద్యం కాదు, ధర్మంగా పెట్టిన వైద్యం. జమీందారు సత్రం కట్టించినట్లు, మిషనరీ బడి పెట్టినట్లు, దొరలు ఆసుపత్రి పెట్టారు. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషన్ డాక్టరు అన్నా కుగ్లర్ 1898లో అక్కడ స్త్రీల ఆసుపత్రి తెరిచింది. పరదా చాటు నుంచి బయటికి రాని ఆడవాళ్లకు మన ప్రాంతంలో పాశ్చాత్య వైద్యం అందింది ప్రధానంగా అటువంటి చేతుల మీదుగానే. ప్రభుత్వం వైపు నుంచి లోకల్ ఫండు ఆసుపత్రులు, తరువాత తాలూకా బోర్డుల, జిల్లా బోర్డుల వైద్యశాలలు వచ్చాయి. ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, గాజుసీసాలో రంగునీళ్ల మందు. ఉన్నవి కొద్ది, అవీ పట్నాల్లోనూ తాలూకా కేంద్రాల్లోనూ. మెట్ట ప్రాంతపు పల్లెకు నాటు వైద్యుడూ మంత్రసానే దిక్కు.

1919 సంస్కరణలతో వైద్యశాఖ మంత్రుల చేతికి వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో 1921 నుంచి 1926 దాకా ప్రధానమంత్రిగా ఉన్నవాడు జస్టిస్ పార్టీ నాయకుడు, తెలుగువాడు, పానగల్లు రాజా రామరాయణింగారు. జమీందారుల పార్టీ, జమీందారు మంత్రి. అతని వర్గ స్వభావం గురించి మనకు భ్రమలు అక్కరలేదు. కాని 1924లో అతని ప్రభుత్వం ప్రారంభించిన గ్రామీణ వైద్య సహాయ పథకాన్ని మన చరిత్రకారులు పట్టించుకోకపోవటం పొరపాటు. పట్నాల్లో డాక్టర్లు పోగుపడుతున్నారు, పల్లెల్లో లేరు. ప్రతి పల్లెకూ జీతపు డాక్టరును వేయటానికి ఖజానాలో డబ్బు లేదు. అందుకని ఒక మధ్యేమార్గం ఆలోచించారు. పల్లెలో కాపురం పెట్టి ప్రాక్టీసు చేయటానికి ఒప్పుకున్న డాక్టరుకు సాలుకింత అని భత్యం. బీదవాళ్లకు ఉచితంగా చూడాలి; ఇవ్వగలవాళ్ల దగ్గర ఫీజు తీసుకోవచ్చు. ఇంగ్లీషు వైద్యులకే కాదు, ఆయుర్వేద, యునానీ వైద్యులకు కూడా ఈ భత్యం ఇచ్చారు.

ప్రభుత్వ సొమ్ము, ప్రైవేటు వైద్యుడు. పేరు పెట్టకపోయినా ఇది భాగస్వామ్యమే. లోపాలు చాలానే ఉన్నాయి. భత్యం చాలీచాలనిది. ఫీజు ఇచ్చే మోతుబరి అరుగు మీద డాక్టరు కూర్చుంటే మాలపల్లె రోగి గుమ్మం బయట నిలబడ్డాడనటంలో వింత లేదు. ఐనా షరతు గమనించండి. డాక్టరు ఊళ్లో ఉంటేనే సొమ్ము. సొమ్ము మనిషిని పల్లెకు కట్టివేసింది. ఆ కట్టు గట్టిదా, సడలినదా అన్నది వేరే సంగతి.

ఆ కట్టు చాలదని తేల్చి చెప్పింది భోర్ కమిటీ. 1943లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన ఆ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. యుద్ధం చివరి రోజులు. సోవియట్ వైద్య విధానం మీద పుస్తకం రాసిన హెన్రీ సిగరిస్టు 1944లో మనదేశం వచ్చి దానికి సలహాలిచ్చాడు, ఇంగ్లండు నుంచి జాన్ రైల్ వంటివారు వచ్చారు. ఐ.సి.యస్. అధికారి అధ్యక్షతన నడిచిన కమిటీలో అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందని ఆశ్చర్యపోయేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అప్పటి లెక్క ప్రకారం దేశంలో సుమారు 6,300 మందికి ఒక డాక్టరు, 43,000 మందికి ఒక నర్సు. డబ్బు ఇవ్వలేని కారణంగా ఏ ఒక్కరికీ తగిన వైద్యం అందకుండా పోరాదని కమిటీ మొదటి సూత్రంగా పెట్టుకుంది. తరువాత సరిగ్గా మన ప్రశ్నకే వచ్చింది: పల్లెల్లో ప్రైవేటు డాక్టరుకు భత్యం ఇద్దామా, పూర్తికాలపు జీతపు డాక్టరును పెడదామా? జీతపు డాక్టరునే పెట్టాలి, అతనికి సొంత ప్రాక్టీసు ఉండరాదు అని తీర్పు చెప్పింది. ప్రాక్టీసు ఉన్నచోట బీదవాడి వంతు వెనకబడుతుందన్నది దాని అనుభవసారం.

కాగితం మీద ఇంతకంటె మంచి తీర్పు ఉండదు. ఆచరణలో రెండు విషయాలు జరిగాయి. భోర్ దూరపు లక్ష్యం పది ఇరవై వేల జనాభాకు 75 పడకల ప్రాథమిక వైద్యశాల. 1952 అక్టోబరు 2న ప్రారంభమైన సమాజ వికాస పథకంతో మనకు వచ్చింది బ్లాకు మొత్తానికి, అంటే అరవై వేల నుంచి లక్షమందికి, ఆరు పడకల ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. ఇది మొదటిది, అందరికీ తెలిసినదే. రెండో దాన్ని అంతగా చెప్పుకోరు. నాలుగేళ్ల చదువుతో బయటికి వచ్చే ఎల్.ఎం.పి. డాక్టర్ల కోర్సును ఎత్తివేసి ఎం.బి.బి.యస్. ఒక్కటే ఉంచాలని కమిటీ సిఫారసు చేసింది. సభ్యుల్లో కొందరు ఒప్పుకోలేదు; పల్లెలకు అప్పుడే ఇది తగదని భిన్నాభిప్రాయం రాశారు. వాళ్ల మాట నెగ్గలేదు. వైద్య పాఠశాలలు మూతపడో కళాశాలలుగా పెరిగో పోయాయి. విశాఖపట్నంలో 1923లో, గుంటూరులో 1946లో కళాశాలలు వచ్చాయి. వాటి నుంచి గొప్ప డాక్టర్లు వచ్చారు, వాళ్లలో చాలామంది ఇంగ్లండుకు, అమెరికాకు వెళ్లారు. పల్లెలో కాపురం పెట్టే ఎల్.ఎం.పి. మాయమయ్యాడు. అతని కుర్చీ ఖాళీగా లేదు. అందులో ఆర్.ఎం.పి. కూర్చున్నాడు.

ఆర్.ఎం.పి.ని గురించి మన విద్యావంతులు ఎగతాళిగా మాట్లాడతారు. పనికిమాలిన సూదిమందులు వేస్తాడు, సెలైను ఎక్కిస్తాడు, పట్నపు నర్సింగుహోమునుంచి కమీషను తీసుకుని రోగిని అక్కడికి చేరవేస్తాడు. ఇవన్నీ నిజాలే. కాని అర్ధరాత్రి తలుపు తడితే లేచేది అతనే. కోతల తరువాత ఇస్తానంటే సరేననేది అతనే. ఈ సంగతిని మన ఉద్యమంలో కొందరు ముందే గుర్తించారు. సుందరయ్య గారి తమ్ముడు డాక్టర్ పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజావైద్యశాల నడిపి, పల్లె యువకులకు చిన్న చిన్న జబ్బుల వైద్యం శాస్త్రీయంగా నేర్పి, వాళ్లను తిరిగి పల్లెలకు పంపారు. డాక్టర్ జెట్టి శేషారెడ్డి ఆ పనిని కొనసాగించారు. ఆ వైద్యశాల ప్రభుత్వానిది కాదు, చట్టం దృష్టిలో ప్రైవేటుదే! మన రెండు మాటల విభజనలో దాన్ని ఏ పక్కన పెడతాం? అక్కడ మిగిలింది ఏమిటని అడిగితే జవాబు సులభం: పల్లెల్లో వైద్యం తెలిసిన మనుషులు మిగిలారు.

ఈ సందర్భంలో ఇంగ్లండును కూడా చూడాలి. 1948 జూలై 5న అనూరిన్ బెవాన్ ప్రారంభించిన జాతీయ ఆరోగ్య సేవను మనం ప్రభుత్వ వైద్యానికి నమూనాగా చెప్పుకుంటాం. అందులో ఆసుపత్రులు జాతీయమైనాయి గాని, వీధి డాక్టరు ప్రభుత్వోద్యోగి కాలేదు. తన దగ్గర పేరు నమోదు చేయించుకున్న కుటుంబాలను బట్టి తలకింత అని సర్కారు నుంచి తీసుకునే స్వతంత్ర వైద్యుడుగానే ఉండిపోయాడు. రోగం ఎంత ముదిరితే అంత బిల్లు అన్న పద్ధతి కాదు. రోగి ఆరోగ్యంగా ఉన్నా అతని సొమ్ము అతనికి వస్తుంది. పైగా అతను తన జనానికి, తన వీధికి బద్ధుడు. 1951లో కట్టుడు పళ్లకూ కళ్లజోళ్లకూ రుసుము పెట్టబోతే బెవాన్ మంత్రిపదవి వదులుకున్నాడు. ప్రైవేటు డాక్టరుతో ఒప్పందానికి రాజీపడిన మనిషి, రోగి చేతి నుంచి డబ్బు తీసుకోవటానికి రాజీపడలేదు.

తిరిగి మన జిల్లాకు వద్దాం. కృష్ణా డెల్టా వరి మీద, పొగాకు మీద, చెరకు మీద మిగిలిన సొమ్ము సినిమాల్లోకి, బస్సుల్లోకి, కాంట్రాక్టుల్లోకి వెళ్లినట్లే ఆసుపత్రుల్లోకీ వెళ్లింది. రైతుబిడ్డ డాక్టరై, మామగారి కట్నంతో నర్సింగుహోము పెట్టటం 1970ల నుంచి మనకు తెలిసిన కథ. విజయవాడ సూర్యారావుపేటలో వీధికి వీధి ఆసుపత్రులైంది. పెట్టుబడి పెరిగిన కొద్దీ డాక్టరు చదువు కూడా సరుకైంది. 1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ మన శాసనసభ చట్టం చేయవలసి వచ్చింది. పదేళ్ల తరువాత, 1993లో, ఉన్నికృష్ణన్ కేసు మన రాష్ట్రం పేరుమీదనే సుప్రీంకోర్టు దాకా పోయింది. ప్రభుత్వ ఆసుపత్రుల కోసం 1986లో వైద్యవిధాన పరిషత్తు చట్టం వచ్చింది. 1990లలో ప్రపంచబ్యాంకు అప్పుతో జిల్లా, ఏరియా ఆసుపత్రులకు భవనాలూ పరికరాలూ సమకూరాయి. వాటితోపాటే రోగి దగ్గర ఎంతోకొంత వసూలు చేయాలన్న ఆలోచన కూడా ప్రవేశించింది. దేశం మొత్తం మీద 1986–87లో ఆసుపత్రిలో చేరిన గ్రామీణ రోగుల్లో నూటికి 60 మంది సర్కారు ఆసుపత్రుల్లో చేరేవారని జాతీయ శాంపిల్ సర్వే చెప్పింది. 1995–96 నాటికి అది 44కు పడింది. పట్నాల్లో ఆ సంఖ్య 2014 నాటికి 32. ప్రైవేటు వైపు మొగ్గు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది మొదటినుంచీ ముందు వరుసలో ఉంది.

ఈ పరిస్థితిలో అప్పుల వల్ల ఆత్మహత్యలు చేసుకుంటున్న రైతు ఇళ్లలో విచారిస్తే, విత్తనాల అప్పు పక్కనే వైద్యం అప్పు బయటపడింది. గుండె ఆపరేషన్ల కోసం ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీలు కుప్పలుపడ్డాయి. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. 2008 జూలై నాటికి రాష్ట్రమంతటికీ వచ్చింది. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి సాలుకు లక్షన్నర, అవసరమైతే మరో యాభై వేలు. అంతకు రెండేళ్ల ముందు, 2005 ఆగస్టు 15న, 108 బండ్లు రోడ్డెక్కాయి.

మన విమర్శకులు ఇక్కడ ఒక సంగతి మరచిపోరాదు. కొండూరు తోటల్లో కూలి చేసేవాడి బిడ్డకు గుండెలో రంధ్రం ఉంటే, అంతకు ముందు తరంలో ఆ బిడ్డ చనిపోయేది. ఆరోగ్యశ్రీ వచ్చాక బతికింది. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి "ఇది కార్పొరేట్లకు దోచిపెట్టే పథకం" అని మాత్రమే చెప్పి ఊరుకుంటే వాళ్లు మన మొహం చూస్తారు. చూడవలసిందే. ఆ బిడ్డ బతకటం మొదటి సత్యం. ఆ తరువాతే మన విమర్శ.

విమర్శ ఏమంటే, ఈ పథకం 1924 పథకాన్ని తలకిందులు చేసింది. అప్పుడు సొమ్ము డాక్టరును పల్లెకు తెచ్చింది. ఇప్పుడు సొమ్ము రోగిని పట్నానికి తీసుకుపోతుంది. అప్పుడు షరతు ఊళ్లో ఉండటం; ఇప్పుడు షరతు జాబితాలోని జబ్బు, జాబితాలోని ఆసుపత్రి. జ్వరం, రక్తపుపోటు, చక్కెర జబ్బు, మామూలు దగ్గు, అంటే కూలివాడి జేబును ప్రతి నెలా ఖాళీ చేసే జబ్బులు మొదట దాని లెక్కలోకే రాలేదు. పడక ఎక్కితేనే వైద్యం. రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ 2011లోనే ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసంలో ఈ నమూనా లాభం ప్రైవేటు రంగానిదేనని చూపించారు. జబ్బుకు ధర కడితే జబ్బులు ఎలా పుట్టుకొస్తాయో కూడా మనం చూశాం. పల్లెటూరి ఆడవాళ్లకు, ముప్పై ఏళ్లు నిండని వాళ్లకు సైతం, అవసరం లేకుండా గర్భసంచులు తీసివేస్తున్నారని గగ్గోలు పుట్టి, చివరికి ఆ ఆపరేషనుతోపాటు మరికొన్నిటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది. అనవసరమైన ఆపరేషను ధరల పట్టికలో తప్పుగా కనిపించదు. అది కూడా ఒక అంకెగానే కనిపిస్తుంది.

పాముకాటు సంగతి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషానికీ కలిపి ఒకే విరుగుడు మందు ఉంది. దానికి గొప్ప ఆసుపత్రి అక్కరలేదు. కావలసింది మూడే: మందు బుడ్డి, అది ఇవ్వటం తెలిసిన డాక్టరు, మందు పడకపోతే ఏమి చేయాలో తెలిసిన నర్సు. ఇవి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాత్రిపూట కూడా ఉంటే కట్లపాము కాటు తిన్న తోట కావలివాడికి ఊపిరి ఆగేదాకా రాదు. ఆరోగ్యశ్రీ తొలి జాబితాల్లో మాత్రం పాముకాటు వెంటిలేటరు అవసరమైన దశలోనే ఒక ప్యాకేజీగా కనిపిస్తుంది. మొదటి గంటలో కొండూరులో కొన్ని బుడ్లతో పోయే ప్రమాదానికి, ఆరో గంటలో పాతిక కిలోమీటర్ల అవతల వేల రూపాయల బిల్లు. ఆ బిల్లు కూడా ప్రజల సొమ్మే. అది ఖర్చైన మర్నాడు కొండూరు కేంద్రంలో మందు బుడ్డి ఒకటైనా పెరగదు.

మన పాలకుల శాస్త్రీయ దృష్టి గురించి చెప్పుకోవాలంటే మరో సంగతి ఉంది. 2018 ఆగస్టులో ఇదే కృష్ణా జిల్లాలో, దివిసీమలో పాముకాట్లు పెచ్చుపెరిగితే, మోపిదేవి ఆలయంలో దేవాదాయ శాఖ చేత సర్పశాంతి యాగం చేయించారు. పక్కనే అవనిగడ్డ ఆసుపత్రిలో రోగులు పాముకాటుకు వైద్యం చేయించుకుంటూనే ఉన్నారు.

జి. కొండూరుకు ఉత్తరాన మరో కొండూరు ఉంది: ఎ. కొండూరు. అక్కడి తండాల్లో లంబాడీ కుటుంబాలను కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి పీల్చివేస్తోంది. తండావాసులూ వారి తరఫున పోరాడిన సంఘాలూ మొదటినుంచీ అడుగుతున్నది ఒక్కటే, బోరు నీళ్లు మాన్పించి కృష్ణ నీళ్లు ఇవ్వండని. డయాలిసిస్ కు ప్రభుత్వం డబ్బు ఇస్తుంది. 2019 నుంచి డయాలిసిస్ రోగులకు నెలకు పదివేల పింఛను కూడా వచ్చింది. ఇవి అవసరమే, ఆ రోగికి అదే ప్రాణం. కాని వైద్య ప్యాకేజీల జాబితాలో డయాలిసిస్ ఉంటుంది గాని కుళాయి ఉండదు. నీటిని, మురుగుకాలువను, మశూచిని ఒకే చట్టంలో చేర్చి స్థానిక సంస్థల బాధ్యత చేసిన మద్రాసు ప్రజారోగ్య చట్టం 1939 నాటిది. దేశంలో అటువంటి చట్టం అదే మొదటిది. ఉద్దానంలో ఆలస్యంగానైనా, 2023 డిసెంబరులో, పలాసలో 200 పడకల ఆసుపత్రినీ పరిశోధన కేంద్రాన్నీ వంశధార నీటి పథకాన్నీ కలిపి ప్రారంభించారు. ఎవరు చేశారన్నది పక్కనపెట్టి, నీరూ వైద్యమూ ఒక్కచోట చేర్చగలిగేది ప్రభుత్వం ఒక్కటేనన్న సంగతిని మనం పదే పదే చెప్పాలి. ఏ బీమా కంపెనీ ఊరికి పైపు వేయదు.

ఈ బీమా సంగతి కూడా విచిత్రంగా తిరిగింది. ఆరోగ్యశ్రీ బీమా కంపెనీతో మొదలై, తరువాత ట్రస్టు చేతికి వచ్చింది. పేరు మారింది: ఎన్.టి.ఆర్. వైద్యసేవ, వై.యస్.ఆర్. ఆరోగ్యశ్రీ, 2024 తరువాత మళ్లీ వైద్యసేవ. పరిమితి 2023 డిసెంబరులో పాతిక లక్షలకు పెరిగింది. 2025 సెప్టెంబరులో, కళాశాలల నిర్ణయం జరిగిన రోజుల్లోనే, రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆ పైన ట్రస్టు అన్న మిశ్రమ పద్ధతికి మంత్రివర్గం ఒప్పుకుంది. పార్టీలు అంకెలు పెంచటంలో పోటీపడ్డాయి. బకాయిల కోసం ప్రైవేటు ఆసుపత్రుల సంఘం 2024 మేలోనూ, 2025 అక్టోబరులోనూ సేవలు ఆపివేసింది. పాతిక లక్షల కార్డు చేతిలో ఉన్న రోగి ఆ రోజుల్లో ఎక్కడికి వెళ్లాడు? సర్కారు ఆసుపత్రికే. అది అప్పటికి బతికి ఉంటేనే కదా!

2024 సెప్టెంబరులో బుడమేరు మళ్లింపు కాలువకు కవులూరు దగ్గర గండ్లు పడి విజయవాడ సగం మునిగినప్పుడు కూడా ఇదే ప్రశ్న. వరద తీసిన వీధుల్లో క్లోరిన్ బిళ్లలు పంచటానికి, జ్వరాలు లెక్కపెట్టటానికి ప్యాకేజీ లేదు. ఆ పని ఎ.ఎన్.ఎం.లదీ ఆశా కార్యకర్తలదీ. జీతం చాలదని వాళ్లు రోడ్డెక్కినప్పుడు ఖజానా ఖాళీ అని చెప్పే ప్రభుత్వాలే ప్యాకేజీల ధరలు పెంచటానికి కమిటీలు వేస్తాయి.

ఇంతా చెప్పి మన సంగతి చెప్పకపోతే న్యాయం కాదు. ప్రభుత్వ ఆసుపత్రిని కాపాడాలని తీర్మానాలు చేసిన మనలో ఎంతమందిమి మన ఇంటి కాన్పు అక్కడ చేయించాం? ఉపాధ్యాయులకు రీయింబర్సుమెంటు, ఉద్యోగులకు హెల్తుకార్డు. వాటి కోసం చేసిన సమ్మెలు మండల కేంద్రంలో రాత్రి డాక్టరు కోసం చేయలేదు. ఈ వ్యాసకర్త కూడా అందుకు మినహాయింపు కాడు. కంటి ఆపరేషనుకు పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికే వెళ్లాడు. బిల్లులో రాసిన అద్దం వేరు, వేసిన అద్దం వేరు అని తరువాత తెలిసింది. మధ్యతరగతి వదిలివేసిన బడి ఏమైందో, వదిలివేసిన ఆసుపత్రి కూడా అదే అవుతుంది. గట్టిగా అడిగే నోరు లేనిచోట మందు ఎందుకు వస్తుంది? జిల్లాల విభజన వేళ, 2022 ఏప్రిల్లో, నూజివీడు ఏలూరు జిల్లాలోకి, జి. కొండూరు ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వెళ్లాయి. జిల్లా పేరు గురించి జరిగిన గొడవలో పదో వంతైనా నూజివీడు ఏరియా ఆసుపత్రికి అలవాటుపడ్డ పల్లెల రోగులను గురించి జరిగినట్లు కనబడదు.

ఇక కళాశాలల సంగతి. 17 కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు తలపెట్టి, 2023 సెప్టెంబరులో మచిలీపట్నం, ఏలూరు, రాజమండ్రి, విజయనగరం, నంద్యాలల్లో ఐదింటిని తెరిచారు. మంచి పని. కాని అదే ఏడాది ఆ కళాశాలల్లో కొంత భాగం సీట్లకు ఏటా 12 లక్షలు, ప్రవాస కోటాకు 20 లక్షలు ఫీజు పెట్టారు. గోడలు ప్రభుత్వానివి, సీటు అమ్మకానిది. తరువాత వచ్చిన ప్రభుత్వం మిగిలినవాటిలో పదింటిని లీజుకివ్వబోతున్నది. మొదటి ప్రభుత్వం లోపల నుంచి అమ్మింది, రెండోది బయట నుంచి అమ్ముతోంది. ఒకరిని చూపించి ఒకరు తప్పించుకుంటున్నారు. ప్రభుత్వానికి కళాశాలలు నడిపే శక్తి లేదన్న వాదాన్ని మన రాష్ట్రంలో చెప్పటం మరీ విడ్డూరం. విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాల 1980ల మొదట్లో ప్రైవేటు సంస్థగా పుట్టింది; 2000లో ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకున్నది. అప్పటి ముఖ్యమంత్రీ 2025 నాటి ముఖ్యమంత్రీ ఒక్కరే.

కనుక లీజు పత్రాలను చదివేటప్పుడు మన విద్యార్థి మిత్రులు ఫీజు ఎంత, ఉచిత పడకలెన్ని అన్న రెండు అంకెల దగ్గర ఆగకూడదు. ఆ కళాశాలలో చదివినవాళ్లు ఏ ఆరోగ్య కేంద్రంలో ఎన్నాళ్లు పనిచేయాలి, దాని కింద ఏ ఏ మండలాల పాముకాట్లు, కాన్పులు, నీటి జబ్బులు వస్తాయి, 66 ఏళ్ల తరువాత భవనమూ పరికరాలూ ఏ స్థితిలో ఎవరికి దక్కుతాయి అన్నవి వెతకాలి. ఏటా ఇరవై లక్షలు కట్టి చదివిన డాక్టరు కొండూరు రోడ్డున మామిడి తోటల మధ్య కాపురం పెట్టటానికి ఎందుకు వస్తాడు? 1924లో ఒక జమీందారు మంత్రి ఈ ప్రశ్న వేసుకుని, తనకు తోచిన భత్యమేదో ప్రకటించాడు. 2025 నాటి మంత్రివర్గ నిర్ణయంలో ఆ ప్రశ్నే లేదు.